పరిశోధనకు మనుషుల్ని తయారుచేసే పెద్ద పోస్టు మా సరిహద్దు జిల్లాల్లోనే పెట్టండి: ఐసీఎంఆర్‌కు సిరోంచ నుంచి బహిరంగ లేఖ

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) డైరెక్టర్ జనరల్ గారికి, కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం అధికారులకు,

నమస్కారం.

మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, సిరోంచ తాలూకా. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు. ఏరు దాటితే కాళేశ్వరం, తెలంగాణ. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో మరాఠీ చదువుతాం, సంతలో గోండీ కూడా కలుస్తుంది. పెద్ద జబ్బు చేస్తే గడ్చిరోలి కంటే ముందు మంచిర్యాల, వరంగల్ దవాఖానలే గుర్తొస్తాయి. జిల్లా కేంద్రం 200 కిలోమీటర్లకు పైనే ఉంది మరి. ఆరోగ్య సర్వేల్లో, రక్తపరీక్షల ప్రాజెక్టుల్లో ఇల్లిల్లూ తిరిగే కార్యకర్తగా చాలాకాలం పనిచేశాను. ఒక ప్రాజెక్టు ముగిశాక ఇంకోటి వచ్చేదాకా ఇంట్లో కూర్చోవడం, మళ్లీ కొత్త వాళ్ల దగ్గర మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టడం నాకూ నాతోటి వాళ్లకూ అలవాటైపోయింది.

మిమ్మల్ని ఒకటే అడుగుతున్నాను. ఆరోగ్య పరిశోధనలో పనిచేసే మనుషుల్ని వెతికి, నేర్పి, నిలబెట్టి, పై మెట్టు ఎక్కించే పని కోసమే ఒక సీనియర్ అధికారిని ఈ సరిహద్దు జిల్లాలకు నియమించండి. ఆ ఆఫీసు గడ్చిరోలిలోనో చంద్రపూర్‌లోనో ఉండాలి. ఆ కుర్చీకి సొంత బడ్జెట్, సంతకం పెట్టే అధికారం ఉండాలి.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానంటే, మా దగ్గరికి భవనాలూ యంత్రాలూ వస్తున్నాయి. చంద్రపూర్‌లో మీ హిమోగ్లోబిన్ వ్యాధుల పరిశోధన కేంద్రాన్ని ప్రధానమంత్రి 2022 డిసెంబర్ 11న జాతికి అంకితం చేశారు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తకణాల జబ్బు సికిల్ సెల్. 2023 జూలై 1న దాని నిర్మూలన మిషన్ మొదలైంది. 40 ఏళ్ల లోపు వాళ్లు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని, 2047 నాటికి ఈ జబ్బు లేకుండా చేయాలని దాని లక్ష్యం. 2024లో గడ్చిరోలికి ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ఇవన్నీ మాకు సంతోషమే. కానీ గుడిసె ముందు కూర్చుని సూది గుచ్చేది, ప్రశ్న అడిగేది, ఆర్నెల్ల తర్వాత మళ్లీ అదే మనిషిని వెతికి పట్టుకునేది ఎవరు? వాళ్లను ఎవరు తయారుచేస్తారు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన కుర్చీ ఏదీ మాకు కనబడటం లేదు. ప్రతి ప్రాజెక్టులోనూ ఆ ప్రాజెక్టు పెద్ద సారే తనకు కావలసిన నలుగురికి రెండు మూడు రోజులు నేర్పిస్తారు. ప్రాజెక్టుతో పాటే ఆ నేర్పడమూ ముగుస్తుంది.

మా జిల్లాకు ఇది కొత్త పాఠం కాదు. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1986లో గడ్చిరోలిలో 'సెర్చ్' సంస్థను మొదలుపెట్టారు. పసిపిల్లల్లో నిమోనియాను మంత్రసానులు గుర్తుపట్టగలరా అని వాళ్లు పరీక్షించిన తీరు నాకు ఎంతో ఇష్టం. ఆ ఆడవాళ్లలో చాలామందికి పది పన్నెండుకు మించి లెక్కపెట్టడం రాదు. అందుకని ఒక పూసల చట్రం, నిమిషంలో ఖాళీ అయ్యే ఇసుక గడియారం చేతికిచ్చారు. బిడ్డ పది ఊపిరులు తీయగానే ఒక పూస జరపాలి. ఇసుక అయిపోకముందే పూసలు అయిపోతే ఊపిరి ఎగపోస్తోందని అర్థం. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, అంతకంటే పెద్ద బిడ్డకు 50 దాటితే ప్రమాదం. చదువు రాదని ఎవరినీ పక్కన పెట్టలేదు. పనిముట్టునే ఆమె చేతికి అనువుగా మార్చారు.

తర్వాత 39 ఊళ్లలో ఊరి ఆడవాళ్లకే నేర్పించి, పుట్టిన బిడ్డను ఇంటి దగ్గరే కాపాడే పద్ధతిని పరిశోధించారు. మూడో ఏడాదికల్లా, పోల్చి చూసిన ఊళ్ల కంటే ఇక్కడ నెలలోపు శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో 'లాన్సెట్' వైద్య పత్రికలో అచ్చయింది. 2011 నుంచి దేశమంతటా ఆశ కార్యకర్తలు బాలింతల ఇళ్లకు వెళ్లి బిడ్డను తూచి, ఒళ్లు వేడి చూసి వస్తున్నారంటే దానికి మూలం మా జిల్లానే. ఆ ఫలితం ఒక్క వర్క్‌షాప్‌తో రాలేదు. నేర్పినవాళ్లు అక్కడే ఉండిపోయారు. తప్పు చేస్తే మర్నాడు వచ్చి దిద్దారు. ఏళ్ల తరబడి అదే ఊరు, అదే మనిషి, అదే పని. నేనడుగుతున్న పోస్టులో కూర్చునేవారి పని కూడా ఇదే. ఒక స్వచ్ఛంద సంస్థ ఒక మూలన చేసి చూపించినదాన్ని ప్రభుత్వ పరిశోధన వ్యవస్థ తన సొంత పద్ధతిగా మార్చుకోవాలి.

సికిల్ సెల్ పరీక్ష సంగతే తీసుకోండి. బయటి నుంచి చూస్తే సులువే. వేలి కొసన గుచ్చి, రెండు బొట్లు ద్రావణంలో వేసి, కొంచెంసేపు ఆగి, ఆ గొట్టాన్ని నల్లగీతలున్న కాగితం ముందు పట్టుకుంటాం. గీతలు కనబడితే ఫర్వాలేదు. ద్రావణం మడ్డిగా మారి గీతలు కనబడకపోతే పాజిటివ్. అసలు కష్టమంతా ఆ తర్వాతే మొదలవుతుంది. ఆ మనిషి జబ్బు మనిషా, లేక జన్యువును మోసే మనిషి మాత్రమేనా అన్నది ఈ పరీక్ష చెప్పలేదు. దానికి ఇంకో పరీక్ష ల్యాబులో జరగాలి. ఆరు నెలల లోపు పసిబిడ్డకు గీతలు కనబడ్డంత మాత్రాన లేదని చెప్పకూడదు. రక్తం బాగా తక్కువున్నవాళ్లలోనూ తప్పు రావచ్చు. ఇవి తెలియని కార్యకర్త అంగన్‌వాడీ ముందు నిలబడి నలుగురిలో "నీకు సికిల్ ఉంది" అనేస్తే ఏమవుతుంది? మా తాలూకాలోనే ఒక పిల్లకు కుదిరిన పెళ్లి ఆ ఒక్క మాటతో చెడిపోయింది. ఆమె మోసే మనిషే, జబ్బు మనిషి కాదు. ఆ సంగతి ల్యాబు కాగితం వచ్చాక తేలింది. అప్పటికే అబ్బాయి తరఫువాళ్లు వేరే సంబంధం ఖాయం చేసుకున్నారు.

ఆ మాట అన్న అమ్మాయిని నేను నిందించను. ఆమెకు రక్తం తీయడం నేర్పారు. మాట చెప్పడం నేర్పలేదు. మోసే మనిషి మోసే మనిషిని పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం జబ్బు బిడ్డకు ఉంటుందని, ఒకరే మోసేవారై ఇంకొకరిలో ఆ జన్యువు లేకపోతే బిడ్డకు ఆ జబ్బు రాదని తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పాలి. ఆ చెప్పడం ఒక విద్య. దానికి శిక్షణ కావాలి, పక్కన నిలబడి చూసే పెద్దదిక్కు కావాలి, సరిగ్గా చెబుతోందా లేదా అని మధ్యమధ్య పరీక్షించేవాళ్లు కావాలి. ఒక ప్రాజెక్టు బడ్జెట్‌లో ఇదంతా ఇమడదు.

అంగీకార పత్రం గురించి కూడా చెప్పాలి. మీరే 2017లో విడుదల చేసిన జాతీయ నైతిక మార్గదర్శకాల్లో పరిశోధనలో పాల్గొనే మనిషికి అర్థమయ్యే భాషలో వివరించాలని రాశారు. మా దగ్గరికి వచ్చే ప్రాజెక్టుల్లో రెండు రకాల పత్రాలు చూశాను. ఒకటి మరాఠీలో ఉంటుంది. పెద్దవాళ్లకు ఆ మరాఠీ బరువు. ఇంకోటి తెలుగులో అచ్చేసి తెస్తారు. తెలుగు మాట్లాడతారు కదా అని మంచి మనసుతోనే తెస్తారు. కానీ మా పిల్లలు చదివింది మరాఠీ బడిలో. తెలుగు వింటే అర్థమవుతుంది, అక్షరాలు రావు. చివరికి కాగితం ఏ లిపిలో ఉన్నా ఎవరో ఒకరు కూర్చుని, మా మాటలో, మా యాసలో చదివి చెప్పాల్సిందే. మా జిల్లాలోనే భామ్రాగడ్ దిక్కు మాడియా ఆదివాసీల గూడేల్లో అయితే తెలుగూ మరాఠీ రెండూ పనికిరావు. చదివి చెప్పే మనిషి సొంతంగా అర్థం చేసుకుని చెబుతోందా, లేక వేలిముద్ర కోసం తొందరపడుతోందా అన్నదాని మీదే మీ నైతిక మార్గదర్శకాలన్నీ నిలబడి ఉన్నాయి.

ఈ విషయంలో మా పొరుగున జరిగింది మేం మరిచిపోలేదు. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం దిక్కు, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసి ఒక అధ్యయనం చేశారు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. తల్లిదండ్రుల బదులు ఎన్నో పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుపట్టింది. టీకా చెడ్డదని నేననడం లేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఎన్నో దేశాల్లో ఇవాళ దాన్ని వేస్తున్నారు. కానీ ఆ గూడేల్లో పరిశోధన అన్న మాట మీదే నమ్మకం పోయింది. ఆ అధ్యయనంతో ఏ సంబంధమూ లేని మమ్మల్ని కూడా ఏటి ఇవతల "మా పిల్లల మీద ఏం ప్రయోగం చేస్తున్నారు?" అని అడిగిన తల్లులున్నారు. అడిగే హక్కు వాళ్లకుంది. జవాబు చెప్పగలిగే మనిషి ఊళ్లో ఉండాలి కదా.

ఒడిశాలోనూ మాలాంటి సరిహద్దు జిల్లాలే ఉన్నాయి. మల్కన్‌గిరి, కోరాపుట్, రాయగడ. తెలుగు మాట్లాడే జనం అక్కడా ఉన్నారు. 2016లో మల్కన్‌గిరిలో మెదడు జబ్బుతో వందమంది దాకా పిల్లలు చనిపోయారు. మొదట అంతా జపనీస్ ఎన్‌కెఫలైటిస్, అంటే దోమకాటుతో వచ్చే మెదడువాపు అనుకున్నారు. కొందరు పిల్లల్లో అది ఉన్నట్టు తేలింది కూడా. మిగతా పిల్లల విషయంలో నిపుణుల బృందం వేరే కారణం చెప్పింది: పొలాల గట్ల మీద మొలిచే కసివింద గింజల విషం. ఆకలికి పిల్లలు ఏం ఏరుకుని తింటారో తల్లికి తెలుసు, ఊరి ఆశకు తెలుసు. ప్రశ్నాపత్రం రాసేవాళ్ల పక్కన అలాంటి మనిషి ఒకరు ఉంటే ఆ ప్రశ్న మొదటి రోజే అడిగి ఉండేవాళ్లని నేను గట్టిగా నమ్ముతాను. ఊరి మనిషిని సంచి మోయడానికే పిలవకండి, ప్రశ్న తయారుచేసే బల్ల దగ్గరికీ పిలవండి.

మా దగ్గర జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి ఏరడానికి ఊళ్లకు ఊళ్లే ఖాళీ అవుతాయి. ములుగు, భూపాలపల్లి, ఖమ్మం దిక్కు వెళ్లిపోతారు. ముసలివాళ్లూ మేకలూ మిగులుతాయి. ఒక ప్రాజెక్టులో రెండో విడత రక్తపరీక్ష సరిగ్గా ఫిబ్రవరిలో పెట్టారు. ఇళ్లకు తాళాలు. కాగితాల మీద 'అందుబాటులో లేరు' అని రాసుకుని వెళ్లిపోయారు. వాళ్లు ఎటు పోయారో, ఏ రైతు దగ్గర దిగారో మాకు తెలుసు. ఫోన్ చేస్తే దొరికేవాళ్లు. వాళ్లున్న చోటు ఇంకో రాష్ట్రం కాబట్టి మమ్మల్ని పంపే వీలు లేదన్నారు. అందుకే ఈ పోస్టుకు మహారాష్ట్ర గీత దగ్గర ఆగిపోని అధికారం కావాలని అడుగుతున్నాను. తెలంగాణలో భూపాలపల్లి, మంచిర్యాల, ఆసిఫాబాద్, ఛత్తీస్‌గఢ్‌లో బీజాపూర్, వీటన్నిటి సిబ్బందినీ కలిపి శిక్షణ ఇప్పించగలగాలి. ఇక్కడ పరీక్ష చేసిన మనిషిని అక్కడ చూడగలగాలి. దోమకు గానీ కూలికి గానీ సరిహద్దు పట్టింపు లేదు.

మా బతుకు గురించి కొంచెం చెప్పనివ్వండి. ఉద్యోగాలన్నీ ప్రాజెక్టు కాలానికే. 11 నెలలు, ఏడాది, మహా అయితే మూడేళ్లు. వాక్-ఇన్ ఇంటర్వ్యూ నాగ్‌పూర్‌లోనో ముంబైలోనో పెడతారు. ప్రయాణ ఖర్చులు ఇవ్వబడవని కింద రాసి ఉంటుంది. సిరోంచ నుంచి మంచిర్యాల వెళ్లి, అక్కడ రైలెక్కి, పొద్దున్నే దిగి వరుసలో నిలబడే పిల్లలకు ఆ ఖర్చు చిన్నది కాదు. పదేళ్లు ఊళ్లు తిరిగిన మనిషీ, నిన్న డిప్లొమా పాసైన మనిషీ ఒకే జీతానికి ఒకే వరుసలో నిలబడతారు. మా దగ్గర నేర్చుకున్న మంచి ల్యాబ్ టెక్నీషియన్లు ఇప్పుడు కరీంనగర్ ప్రైవేటు డయాగ్నొస్టిక్ సెంటర్లలో ఉన్నారు. వాళ్లు పోయింది డబ్బు కోసమే అని చులకనగా అనకండి. నెలనెలా వచ్చే జీతం కోసం పోయారు.

పెద్ద సంస్థల్లోనూ ఇదే జరిగింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కింద 1972లో మొదలైన పోషకాహార పర్యవేక్షణ బ్యూరో మహారాష్ట్ర, ఒడిశా, మన తెలుగు రాష్ట్రాలతో పాటు పలు రాష్ట్రాల్లో ఇల్లిల్లూ తిరిగి, జనం ఏం తింటున్నారో తూకం వేసి మరీ లెక్క రాసింది. 2015లో అది మూతపడింది. ఇంట్లో వండిన అన్నాన్ని, కూరను తూచి, అందులో పిల్లల వంతు ఎంతో తేల్చే చేతులు ఒక్క రోజులో తయారుకావు. కాగితాలు అల్మారాలో భద్రంగా ఉంటాయి. ఆ చేతులు చెల్లాచెదురైతే మళ్లీ కూడగట్టడం ఎవరి తరం?

ఇక పోస్టు ఎలా ఉండాలో నా మనసులో ఉన్నది చెబుతాను. మెడికల్ కాలేజీలో ఒక ప్రొఫెసర్‌కు అదనపు బాధ్యతగా ఇవ్వకండి. ఆయనకు పాఠాలున్నాయి, ఓపీ ఉంది, మన పని శనివారం సాయంత్రానికి మిగులుతుంది. కనీసం అయిదేళ్లు ఇక్కడే ఉండేవాళ్లు కావాలి. ఎంపికలో ఎన్ని పేపర్లు అచ్చయ్యాయో ఒక్కటే చూడకండి. ఎంతమంది కింది ఉద్యోగులను పైకి తెచ్చారు, వాళ్లలో ఎంతమంది ఇంకా ఆ పనిలో ఉన్నారు అని అడగండి. తెలుగు, మరాఠీ, గోండీ, మాడియా, వీటిలో రెండైనా మాట్లాడేవాళ్లైతే మేలు. రాకపోతే నేర్చుకుంటామని రాసివ్వాలి, నేర్చుకునేందుకు సమయమూ ఇవ్వాలి. ఎంపిక కమిటీలో ఒక ఆశ కార్యకర్తకూ, ప్రాజెక్టుల్లో పనిచేసిన ఒక క్షేత్ర ఉద్యోగికీ కుర్చీ వేయండి.

ఆ అధికారి చేతిలో అన్నిటికంటే ముందు ఉండాల్సింది ఒక మెట్లదారి. పది చదివి క్షేత్ర సహాయకురాలిగా చేరిన పిల్ల, పనిచేస్తూనే ల్యాబ్ డిప్లొమాకో నర్సింగ్‌కో చదువుకుని, పరిశోధన సమన్వయకర్తగా ఎదిగి, చెన్నైలోని మీ జాతీయ ఎపిడెమియాలజీ సంస్థలో ప్రజారోగ్య మాస్టర్స్ దాకా వెళ్లగలగాలి. ఆ సంస్థ పరిశోధన పద్ధతులపై ఆన్‌లైన్ కోర్సులు పెడుతోంది, మంచి కోర్సులే. ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి మా పిల్లలు మొదటి వీడియో దగ్గరే ఆగిపోతారు. వాటిని తెలుగులో, మరాఠీలో మాట్లాడుతూ చెప్పించండి. ఒక ప్రాజెక్టుకూ ఇంకో ప్రాజెక్టుకూ మధ్య ఖాళీ నెలల్లో సగం జీతమైనా ఇచ్చి శిక్షణలో ఉంచేందుకు ఒక నిధి పెట్టండి. ప్రతి ప్రాజెక్టు బడ్జెట్ నుంచీ అందులోకి కొంత శాతం రావాలి. చేసిన పనికి అనుభవ ధ్రువపత్రం ప్రాజెక్టు ముగిసిన నెలలోనే చేతికి రావాలి. దానికోసం ఏడాది తిరిగినవాళ్లు నాకు తెలుసు.

బ్రిటన్‌లో 2006లో పెట్టిన జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ ఈ పనిని పెద్ద పదవుల స్థాయిలోనే చూస్తుంది. 2018లో అక్కడ 70 మంది సీనియర్ నర్సులు, మంత్రసానులను పరిశోధన నాయకులుగా ఎదిగించేందుకు ఒక కార్యక్రమమే ప్రకటించారు. డబ్బున్న దేశం అనుకోవచ్చు. కానీ నర్సు కూడా పరిశోధనకు నాయకత్వం వహించగలదని ఒప్పుకోవడానికి డబ్బుతో పని లేదు.

ఈ పోస్టు ప్రతిపాదన రాసే ముందు మా మాట వినండి. సిరోంచలోనో అహేరీలోనో ఒక రోజు బహిరంగంగా కూర్చోండి. ఆశలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ప్రాజెక్టుల్లో పనిచేసి మానేసినవాళ్లు, సికిల్ కార్డు చేతిలో ఉన్న కుటుంబాలు వస్తారు. మే నెలలో అయితే బాగుంటుంది. మిర్చి నుంచి అందరూ ఇళ్లకు చేరి ఉంటారు, తునికాకు పని పొద్దుటిపూటే ముగుస్తుంది. జూన్ దాటనివ్వకండి. వానలు మొదలైతే పర్లకోట నది పొంగి భామ్రాగడ్ వాళ్లు రాలేరు. తేదీ పదిహేను రోజుల ముందు చెబితే చాలు. గ్రామ పంచాయతీల్లో దండోరా వేయించే పని, గోండీ, మాడియా మాట్లాడేవాళ్లను కూర్చోబెట్టే పని మేం చూసుకుంటాం.

ఇట్లు,
సిరోంచ తాలూకా నుంచి
ఒక క్షేత్ర పరిశోధన కార్యకర్త